పటాలంలో మెట్లు

పటాలంలో పనిచేసి ఇంటికి వచ్చినవానిని మనవారు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిది, "ఏ ర్యాంకుతో వచ్చావు నాయనా?" అని. రెండవది, "ఇంకా వయసుండగానే ఎందుకు వచ్చేశావు?" అని. మొదటి ప్రశ్నలో చనువున్నది. రెండవ దానిలో చనువు తక్కువ, అనుమానం ఎక్కువ. ఏదో తప్పు చేసి ఉంటాడు, పై అధికారితో తగాదా పడి ఉంటాడు, తాగి ఉంటాడు. లేకపోతే తిండీ బట్టా జీతమూ ఇచ్చి ఉంచుకొన్న మనిషిని నలభై అయిదో యేట ఎవరు పంపుతారు అని ఆ అనుమానం. దీనిని గురించి మన పత్రికలో నాలుగు మాటలు వ్రాయవలెనని చాలాకాలంగా అనుకొంటున్నాము.

మేము పటాలంలో పనిచేసినవారము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి, శివకాశిలో ఒక అచ్చాఫీసులో గుమాస్తాగా చేరి, తిరుత్తంగల్ నుంచి రోజూ పోయివస్తూ ఇరవై రెండేండ్లుగా ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారము. ఇన్నేండ్లలో జీతం కొంత పెరిగింది, కళ్ళద్దాల మందం కొంత పెరిగింది, హోదా మాత్రం పెరగలేదు. అయినా "ఏం తప్పు చేశావు?" అని మమ్ములను ఎవ్వరూ అడుగలేదు. గుమాస్తా గుమాస్తాగానే ఉండిపోవడం లోకంలో ఎవరికీ వింత కాదు గదా!

మా చిన్నాయనగారి కుమారుడు, మాకంటె నాలుగేండ్లు పెద్ద, వరుసకు అన్న, సరిగ్గా అదే ఇరవై రెండేండ్లు సైన్యంలో పనిచేసి లెఫ్టినెంట్ కర్నలుగా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం ఊరంతా అడిగింది. కర్నల్ పదవికి ఆయన పేరు మూడుసార్లు పరిశీలనకు వచ్చింది. మూడుసార్లూ పైకి పోలేదు. ఆ తరువాత కొంతకాలం ఉండి, పింఛనుకు కావలసిన సర్వీసు నిండినది కనుక తానే అడిగి వచ్చేశాడు. మా చిన్నమ్మ ఆరు నెలలపాటు ఇరుగుపొరుగు వారితో "సెలవు మీద వచ్చినాడు" అని చెప్పింది. నిన్ర నారాయణ పెరుమాళ్ కోవెలలో ఎవరైనా పలకరించినా అదే మాట. అంత సెలవు ఎవరూ ఇవ్వరని అడిగినవారికీ తెలుసు, చెప్పే ఆమెకూ తెలుసు.

అంతటితో పోలేదు. అన్న కూతురికి ఒక సంబంధం దాదాపు కుదిరింది. జాతకాలు కలిసినవి, పిల్ల నచ్చింది. చివరకు పెండ్లివారు మధ్యవర్తిచేత ఒక మాట అడిగించారు: "తండ్రిని సర్వీసులోనుంచి ఎందుకు తీసివేశారో కాస్త తెలిసికొని చెప్పండి." తీసివేయలేదని ఆయన చెప్పాడు. వారు నమ్మలేదు. సంబంధం ఆగిపోయింది.

ఈ అనుమానం మనవారికి ఎక్కడిదని మేము ఆలోచించాము. మన పెద్దలు ఈ నల్లరేగడి సీమకు వచ్చినదే కొలువు మీద. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మధురను ఏలినప్పుడు, దళవాయి అరియనాథ మొదలియారు సాయంతో దేశాన్ని 72 పాళెములుగా ఏర్పరచినట్లు మనమందరం విన్నదే. ఆ పాళెములలో పలువురు పాళెగాండ్రు తెలుగువారు. వారి క్రింద బల్లెం పట్టినవానికి భూమి ఉండేది, కావలి హక్కు ఉండేది. తండ్రి చేసిన కొలువు కొడుకు చేసేవాడు. అందులో ఎక్కే మెట్లు తక్కువ, దిగడం అసలే లేదు. కొలువు పోయిందంటే ప్రాణమైనా పోయి ఉండాలి, దొరకు కోపమైనా వచ్చి ఉండాలి.

తరువాత కుంపిణీవారు వచ్చారు. 1799 అక్టోబరు 16వ తేదీన పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీశారు. 1801లో రెండవ పోరు కూడా ముగిసిన తరువాత కోటలు పడగొట్టించి, ప్రజలు ఆయుధం పట్టరాదని శాసించారు. కత్తి పట్టిన కుటుంబాలు నాగలి పట్టవలసి వచ్చింది. ఆనాడు కొలువు పోవడం నిజంగానే శిక్ష. ఆ తలపే తరతరాలుగా మన ఇండ్లలో నిలిచిపోయిందేమో అని మాకు తోస్తుంది.

కాని ఆ తరువాతి చరిత్ర చూస్తే, ఇంటికి వచ్చిన సిపాయి తప్పు చేసినవాడనే లెక్క ఎక్కడా కుదరదు. కుంపిణీ సిపాయిని ఉత్తరాదివారు తిలంగా అని పిలిచేవారు. తెలుగుదేశంలో చేర్చుకొన్న పటాలాలవల్ల వచ్చిన పేరది. అంత పేరుపడిన తరువాత కూడా, 19వ శతాబ్ది చివరి పాదంలో "యుద్ధజాతులు" అనే సిద్ధాంతం ఒకటి బయలుదేరి, దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని తేల్చి, మద్రాసు పటాలాలలో తెలుగువారిని చేర్చుకోవడం దాదాపు మాన్పించారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత పొదుపు పేర మద్రాసు పదాతి దళాలనే ఎత్తివేశారు. రెండవ ప్రపంచయుద్ధం రాగానే మరల నిలబెట్టారు. ఆ యుద్ధంలో భారతసైన్యం 25 లక్షలకు పెరిగింది. యుద్ధం తీరగానే లక్షలమంది రైలెక్కి ఇండ్లకు వచ్చారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఆఫీసర్లు చాలక, 1963లో పూనాలోనూ మద్రాసులోనూ శిక్షణ పాఠశాలలు తెరచి, అత్యవసర కమిషన్ మీద కుర్రవాండ్రను తీసికొన్నారు. 1965 యుద్ధంలో వారు పోరాడారు. తరువాత కొందరిని ఉంచుకొని మిగిలినవారిని విడుదల చేశారు. అవసరం తీరింది, పంపివేశారు. ఇందులో పోయినవాని తప్పు ఏమున్నది?

ఇక నేటి లెక్క చూడవచ్చును. లెక్క గుమాస్తాకు ఇష్టమైన విషయం గనుక పాఠకులు కాస్త ఓపిక పట్టవలెను.

ఆఫీసరుగా చేరినవాడు మొదట లెఫ్టినెంటు. రెండేండ్లకు కెప్టెన్, ఆరేండ్లకు మేజర్, పదమూడేండ్లకు లెఫ్టినెంట్ కర్నల్. ఏర్పరచిన పరీక్షలు ప్యాసై, నడవడిక బాగుంటే ఇంతవరకు కాలమే మనిషిని పైకి తెస్తుంది. అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫారసుల మీద 2004 డిసెంబరులో వచ్చిన ఏర్పాటు ఇది. అంతకు పూర్వం లెఫ్టినెంట్ కర్నల్ కావడానికే ఎన్నిక ఉండేది.

అక్కడినుంచి దారి ఇరుకు. ఒక పదాతి బెటాలియన్‌లో సుమారు ఎనిమిది వందలమంది ఉంటారు. దానికంతటికీ కర్నల్ ఒక్కడు. సామాన్యంగా మూడు బెటాలియన్లు కలిస్తే ఒక బ్రిగేడ్. దానికి ఒక బ్రిగేడియర్. మూడు బ్రిగేడ్లు కలిస్తే ఒక డివిజన్. దానికి ఒక మేజర్ జనరల్. అనగా తొమ్మిదిమంది కర్నళ్ళకు పైన మూడు బ్రిగేడియర్ కుర్చీలు, ఆ ముగ్గురికి పైన ఒకే ఒక మేజర్ జనరల్ కుర్చీ. ఆఫీసులలోనూ శిక్షణాలయాలలోనూ వేరే కుర్చీలు ఉన్నవి గనుక అసలు లెక్క ఇంత కఠినం కాదు. అయినా ఆకారం ఇదే. తొమ్మిదిమందీ ఉత్తములే అయినా తొమ్మిదిమందికీ కుర్చీలు లేవు. కుర్చీ లేకపోవడం నిలబడినవాని తప్పు కాదు.

కర్నల్ పదవికి ఎన్నిక చేసే మండలిని మూడవ నెంబరు సెలక్షన్ బోర్డు అంటారు. బ్రిగేడియరుకు రెండవది, మేజర్ జనరలుకు మొదటిది. ఒక యేట చేరినవారినందరినీ ఒక జట్టుగా చూస్తారు. ఒక్కొక్కనికి మూడు అవకాశాలు. ఎక్కువ భాగం చూచేది యేటేటా పై అధికారులు వ్రాసిన రహస్య నివేదికలు, వాటిలోని అంకెలు. అందరికీ మంచి అంకెలే పడేచోట, పదేండ్ల క్రిందట ఎవరో ఒకరు తొమ్మిదికి బదులు ఎనిమిది వేసినదే తేడా తెస్తుంది. అన్యాయం జరిగిందనుకొన్నవాడు కేంద్ర ప్రభుత్వానికి మొరపెట్టుకొనే హక్కు 1950 నాటి సైన్య చట్టంలో ఉన్నది. 2007లో చట్టం చేసి 2009లో నెలకొల్పిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు మన చెన్నైలో కూడా ఒక శాఖ ఉన్నది. మా అన్న అక్కడికి పోలేదు. "ఎవరి మీద వ్యాజ్యం వేయమంటావు, లెక్క మీదనా?" అన్నాడు.

ఏ శాఖలో చేరాడనేది కూడా తలవ్రాత వంటిదే. 2009లో కర్నల్ ఖాళీలను శాఖలవారీగా పంచిన పద్ధతివల్ల పదాతి, ఫిరంగి దళాలవారికి ఎక్కువ భాగం వచ్చిందని మిగతా శాఖలవారు వ్యాజ్యం వేశారు. 2015లో ట్రిబ్యునల్ వారి పక్షాన చెప్పింది. 2016లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, ప్రభుత్వపు పద్ధతి చెల్లుతుందన్నది. ఇరవై ఒకటో యేట ఏ శాఖ చేతికి వచ్చిందో, దానినిబట్టి నలభై దగ్గర మెట్టు అందడం మానడం కొంత ఆధారపడి ఉన్నదన్నమాట.

ఆడపిల్లల సంగతి మరీ విచిత్రం. 1992 నుంచి వారిని ఆఫీసర్లుగా తీసికొంటున్నారు. కాని చాలా శాఖలలో కొన్నేండ్లకు పంపివేయడమే ఏర్పాటు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు వారికి కూడా శాశ్వత కమిషన్ ఇవ్వవలసినదే అన్నది. ఇచ్చేటప్పుడు పాత నివేదికలు తీసి చూశారు. ఎటూ పోయేవారే గదా అని ఆ నివేదికలు వ్రాసిన అధికారులు అంత శ్రద్ధ పెట్టలేదు! వాటినే పట్టుకొని కొందరిని తీసివేయగా, 2021 మార్చి 25న మరల సుప్రీంకోర్టే అది న్యాయం కాదని చెప్పవలసి వచ్చింది. నివేదికలో అంకె తక్కువైతే మనిషిలో లోపమున్నట్లే అనుకొనేవారు ఈ తీర్పును గుర్తుంచుకోవలెను.

ఇతర దేశాలలో మెట్టెక్కనివానిని ఉండనివ్వని చోటు కూడా ఉన్నది. అమెరికాలో 1947 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం, పై పదవికి రెండుసార్లు పరిశీలనకు వచ్చి తప్పినవాడు సామాన్యంగా సర్వీసు వదలి పోవలసినదే. అక్కడ 1980లో తెచ్చిన చట్టానికి పెట్టుకొన్న గురి ఏమంటే, కెప్టెన్లలో నూటికి 80 మంది మేజర్లు, మేజర్లలో నూటికి 70 మంది లెఫ్టినెంట్ కర్నళ్ళు, వారిలో నూటికి 50 మంది కర్నళ్ళు కావలెనని. గుణించి చూస్తే నూరుమంది కెప్టెన్లలో కర్నల్ అయ్యేది 28 మంది. మిగిలిన 72 మంది చెడ్డవారని ఆ దేశంలో ఎవరూ అనుకోరు. చట్టం తెచ్చినప్పుడే పెట్టుకొన్న గురి గదా!

మన సైన్యంలో అట్లా గెంటివేయరు. లెఫ్టినెంట్ కర్నల్ 54వ యేటివరకు ఉండవచ్చును. ఇరవై ఆరేండ్ల సర్వీసు నిండితే కాలాన్నిబట్టి కర్నల్ అనే పేరు కూడా ఇస్తారు, బెటాలియన్ మాత్రం ఇవ్వరు. ఇది దయ అని మేము అనుకొనేవారము. ఒకనాడు అన్నను అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "తమ్ముడూ, దిగిపొమ్మంటే దిగేవాణ్ణి. అట్లా ఎవరూ అనలేదు. మొన్నటిదాకా నాకు సెల్యూట్ కొట్టినవాడు నాకే అధికారిగా వచ్చినాడు. మంచివాడు. నన్ను కూర్చోమని చెప్పేదానికి వాడికి మొగమాటం, నిలబడి మాట్లాడేదానికి నాకు మొగమాటం. దినమూ వాడి మొగమాటం చూడలేక వచ్చేసినా." గెంటడం అంటే మెడపట్టి గెంటడమే కానక్కరలేదని ఆనాడు మాకు అర్థమైంది.

పైమెట్టు అందినవాడు మాత్రం ఎంతకాలం ఉంటాడు? కర్నల్ 54కు, బ్రిగేడియర్ 56కు, మేజర్ జనరల్ 58కి, లెఫ్టినెంట్ జనరల్ 60కి ఇంటికి రావలసినదే. మన తమిళనాడు ప్రభుత్వంలో గుమాస్తాకు సైతం 2021 నుంచి 60 యేండ్లవరకు కొలువున్నది. అంటే గెలిచిన కర్నల్ కూడా తాలూకా ఆఫీసు గుమాస్తాకంటె ఆరేండ్లు ముందే ఇంటికి వస్తాడు. మేము ఈ మాట చెప్పినప్పుడు మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

శిఖరం దగ్గరకు పోయినవారికి కూడా తప్పలేదు. మన తెలుగువాడు, ఉత్తరాంధ్రలో పుట్టిన జనరల్ కె.వి. కృష్ణారావు 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతిగా ఉన్నారు. ఆయన తరువాత ఆ పదవి ఉపాధిపతిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హాకు వస్తుందని అందరూ అనుకొన్నారు. ప్రభుత్వం ఆయనను దాటి జనరల్ ఎ.ఎస్. వైద్యను నియమించింది. సిన్హా రాజీనామా ఇచ్చి ఇంటికి పోయారు. తరువాత జరిగినది చూడండి. కృష్ణారావుగారు 1989లోనూ, మరల 1993లోనూ జమ్మూ కాశ్మీరుకు గవర్నరుగా వెళ్ళారు. సిన్హాగారు అస్సాముకు గవర్నరుగా ఉండి, 2003లో అదే జమ్మూ కాశ్మీరుకు గవర్నరు అయ్యారు. ఒకరికి పైమెట్టు అందింది, ఒకరికి అందలేదు. ఇద్దరూ చివరకు కూర్చున్నది ఒకే రాజభవనంలో.

ఇదంతా ఆఫీసర్ల కథ. మన ఇండ్లనుంచి పోయేవారిలో ఎక్కువమంది సిపాయిలుగానే పోతారు. వారి మెట్లు ఇంకా బిగువు. సిపాయిగానే ఉండిపోయినవానికి సామాన్యంగా 17 యేండ్లు, నాయక్ అయితే 22, హవిల్దార్ అయితే 24, నాయిబ్ సుబేదార్ అయితే 26, సుబేదార్ అయితే 28. పొడిగింపు దొరికితే మరో రెండు. పందొమ్మిదో యేట చేరిన కుర్రవాడు పై మెట్టు దొరకకపోతే ముప్పై ఆరుకో ముప్పై ఎనిమిదికో ఇంటికి వస్తాడు. అప్పటికి పిల్లలు ఇంకా బడిలో ఉంటారు. పదిహేనేండ్లు దాటింది గనుక పింఛను వస్తుంది. కాని పింఛనుతో మగపని లేక ఇంట్లో కూర్చున్నాడని అత్తవారు అంటారు. బ్యాంకు వాకిట్లో తుపాకి పట్టుకొని నిలబడిన మాజీ హవిల్దారును చూచినప్పుడల్లా ఈ లెక్క మాకు జ్ఞాపకం వస్తుంది.

ఇప్పుడు లెక్క ఇంకా కురుచైంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో చేరిన అగ్నివీరునికి నాలుగేండ్లే సర్వీసు. ఆ తరువాత నూటికి 25 మందికి మించకుండా ఉంచుకొంటారు, మిగిలినవారు ఇంటికి. చేతికి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధి వస్తుంది, అందులో సగం వారి జీతంలో పట్టుకొన్నదే. పింఛను లేదు. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అనే వాదంలోకి మేము పోవడం లేదు. నలుగురు పోతే ముగ్గురు తిరిగి వస్తారన్నది మాత్రం చేరేనాడే తెలిసిన సంగతి. 2022 చివరనూ 2023 మొదటనూ శిక్షణకు పోయిన మొదటి జట్టుకు నాలుగేండ్లు నిండేది 2026 చివరనూ 2027 మొదటనూ. మా వీధి చివరి ఇంటి పిల్లవాడు కూడా అగ్నివీరుడుగా పోయి ఉన్నాడు. వాడు తిరిగి వచ్చేనాటికి వానికి ఇరవై మూడేండ్లు కూడా నిండవు. ఇరవై మూడేండ్ల పిల్లవానిని "ఎందుకు పంపివేశారు?" అని అడిగితే వాడు తల ఎక్కడ పెట్టుకొంటాడు?

అందువల్ల మన సంఘంవారికి మూడు మనవులు. మొదటిది, పిల్లలను పటాలానికి పంపే తల్లిదండ్రులు పై లెక్కను ముందే చెప్పి పంపవలెను. పోయేవాడు నక్షత్రాలను మాత్రమే చూచి పోతే, అవి అందనినాడు తానే తప్పు చేశాననుకొంటాడు. ఇంటికి వచ్చిన తరువాత చేయదగిన పని ఒకటి, సర్వీసులో ఉండగానే ఆలోచించుకొని ఉండవలెను.

రెండవది, సంబంధాలు చూచేవారికి. అనుమానముంటే తీర్చుకొనేందుకు కాగితమున్నది. సిపాయిల డిశ్చార్జి పుస్తకంలో ఏ కారణంమీద విడుదలైనాడో, నడవడిక ఎట్టిదో వ్రాసి ఉంటుంది. ఆఫీసరుకు పింఛను కాగితముంటుంది. శిక్షపడి తొలగింపబడినవానికి సామాన్యంగా పింఛను ఉండదు. దానిని చూచి తృప్తిపడవచ్చును. మధ్యవర్తిచేత మూలన గుసగుసలాడించవలసిన పని లేదు. మా అన్న కూతురికి మరుసటి యేడు మంచి సంబంధమే కుదిరింది. అయినా ఆ మొదటి మాట ఆ పిల్ల ఈనాటికీ మరచిపోలేదు.

మూడవది, మన సంఘంలో ఉన్న మాజీ సైనికులందరి పేర్లతో ఒక పట్టీ తయారు చేయవలెను. మోటారు మరమ్మతు తెలిసినవారు, వైర్‌లెస్ తెలిసినవారు, లెక్కలు వ్రాయగలవారు, నూరుమందిని ఒక మాటమీద నడిపించగలవారు వారిలో ఉన్నారు. విరుదునగరంలో మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం ఉన్నది. అక్కడ పేరు నమోదు చేయించుకోవడం తెలియనివారికి తెలిసినవారు తోడుపోవచ్చును. మా అన్న ఇప్పుడు ఆదివారాలలో మన పిల్లలకు ఆఫీసరు ఎంపిక పరీక్షకు ఉచితంగా పాఠం చెబుతున్నాడు. మొదటి పాఠం మెట్ల లెక్కే.

ఆ వీధి చివరి ఇంటి పిల్లవాడు వచ్చేరోజు దగ్గరకు వస్తున్నది. వచ్చిన సాయంత్రం మనమందరం పోయి పలకరించి రావలెను. వాని తల్లి మాత్రం "సెలవు మీద వచ్చినాడు" అని ఎవరితోనూ చెప్పవలసిన అవసరం రాకూడదు.